రెండో జత గ్లవ్స్

మాచర్లలో నన్ను సభకు పిలిచిన ప్రతి పెద్దమనిషీ మైకు పట్టుకుని ఒకే మాట చెబుతాడు: మన ఆడబిడ్డ కష్టపడింది, మేజర్ అయింది అని. అది సగమే నిజం. రెండో సగం నేను చెబుతాను.

లడఖ్‌లో ఆ పోస్టుకు చేరింది అక్టోబరు చివర్లో, మధ్యాహ్నం రెండింటికి. పదిహేను వేల అడుగుల ఎత్తు. అప్పటికి నేను సైన్యంలో సిగ్నల్స్ విభాగం కెప్టెన్ని. స్టోర్లో అందరికీ బొంతల్లాంటి మందపాటి గ్లవ్స్ ఇచ్చారు. లోపల వేసుకునే పల్చటి ఉన్ని గ్లవ్స్ రెండు జతలే మిగిలాయి. ఆఫీసర్నని రెండూ నాకే ఇచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నాను.

వారం తిరిగాక ఓ పొద్దున్నే ఆర్డరు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి మంచు మొదలవుతుంది, ఆలోగా పై పోస్టుకు ఫోను కేబుల్ వెయ్యాలి. దారిలో నలభై మీటర్ల రాతి గట్టు, దాన్ని తొలిచి కేబుల్‌కి గాడి తియ్యాలి. రాయి తొలిచే మెషీన్ వేరేచోటికి పోయింది. మాకు మిగిలింది గునపాలు, సుత్తులు, ఆరుగురు మనుషులు. ఉదయం ఏడింటికి మైనస్ పద్దెనిమిది డిగ్రీలు.

పదింటికి మూడు మీటర్లు కూడా తెగలేదు. అప్పుడు ఆ ఆరుగురిలో ఒకడు, లాన్స్ నాయక్, ముందుకొచ్చాడు. మా పల్నాడే, నడికుడి వైపు మనిషి. తాత నుంచీ క్వారీ పనే. ప్రమోషన్ పరీక్ష పాసై, పై మెట్టయిన నాయక్ పట్టీ కోసం ఎదురుచూస్తున్నాడు.

"రాయికి పొర ఉంటది మేడమ్. ఈ బొంతల్తో తెలవట్లా," అని కుడిచేతి గ్లవ్ ఊడదీశాడు. మా క్వారీల్లో అంతే. సుత్తితో తట్టి, అరచెయ్యి ఆనించి, అదురు ఎటు పోతోందో చూసి అక్కడ ఉలి పెడతారు. పల్నాడు ఎండలో అది విద్య. ఆ చలిలో తప్పు.

"ఏందయ్యా, వేళ్లు పోతయ్. వేసుకో."

"రాయి పలుకుతా ఉంది మేడమ్. కాసేపాగండి."

ఆగాను. పని సాగుతోంది మరి. రాయి పలకలుగా లేచింది. మూడు నలభైకి కేబుల్ పడింది.

"పై పోస్ట్, వినిపిస్తోందా?"

"స్పష్టంగా, మేడమ్."

అదే లైన్లో కమాండర్ నన్ను అభినందించాడు. కష్టానికి లొంగనిది లేదన్నాడు. నా పక్కన మెడిక్ లాన్స్ నాయక్ వేళ్లు పట్టుకుని చూస్తున్నాడు. తెల్లబడ్డాయి. తర్వాత రెండు వేళ్ల చివర్లు తీసేశారు. మెడికల్ కేటగిరీ తగ్గింది, ప్రమోషన్ ఆగింది. ప్రశంసాపత్రం నాకొచ్చింది.

ఆ రోజంతా నా పల్చటి గ్లవ్స్ రెండో జత జేబులోనే ఉంది, పొడిగా, వెచ్చగా.

సర్వీసు ముగించుకుని ఇద్దరం ఇంటికొచ్చాం. అతనిప్పుడు నడికుడి దగ్గర నాపరాళ్ల యార్డులో ఉన్నాడు. కిందటి నెల ఆ గ్లవ్స్ మాట ఎత్తితే నవ్వాడు. "మీరు మాత్రం తక్కువ కష్టపడ్డారా అక్కా," అన్నాడు. మాట్లాడుతూనే మిగిలిన వేళ్లు పలక మీద ఆనించాడు. నాకు మాత్రం ఆ గట్టే కనిపించింది, మంచు పట్టిన రాతి మీద ఆ ఉత్త అరచెయ్యి.

అందుకే మైకు నా చేతికొచ్చినప్పుడల్లా అడుగుతున్నాను: ఆ గట్టు మీద మా ఇద్దరిలో తక్కువ కష్టపడింది ఎవరు?