జడ్సన్ చెక్క ఫోను

జడ్సన్ ఏ పనీ మొదటిసారి చేయడు. మనం చూసే మొదటిసారి అతనికి పదకొండోసారి. అంతకు ముందు పదిసార్లూ పెరట్లోనో, కారులోనో, దుప్పటి ముసుగులోనో అయిపోయి ఉంటాయి. దానికి అతను పెట్టుకున్న పేరు రిహార్సల్.

ఈ సంగతి అతని భార్య ఎలిశబెతుకు పెళ్లిరోజునే తెలిసింది. చర్చిలో అయ్యగారు "ఈమెను నీ భార్యగా..." అని అడగడం మొదలుపెట్టారో లేదో, జడ్సన్ "ఒప్పుకుంటున్నాను, ఒప్పుకుంటున్నాను" అని రెండుసార్లు అనేశాడు. "ఇంకా అడగలేదు నాయనా" అన్నారు అయ్యగారు. చర్చి అంతా గొల్లున నవ్వింది. నెల రోజులుగా ఆ ఒక్క మాటా సాధన చేసీ చేసీ, ప్రశ్నతో పనిలేకుండా జవాబు వచ్చేసే స్థితికి చేరాడట.

ఆ తర్వాత ఇరవయ్యేళ్లలో ఆమె ఇంకా చాలా చూసింది. పన్ను పీకించుకోవడానికి నెల్లూరు వెళ్లే ముందురోజు జడ్సన్ పెరట్లో కుర్చీ వేసుకుని, నోరు తెరిచి, ఎంత గట్టిగా అరవాలో సరిచూసుకున్నాడు. ఆ అరుపుకు పక్కింటి గురవమ్మ చేపల బుట్ట వీధిలోనే దించేసి పరిగెత్తుకొచ్చింది. మర్నాడు డాక్టరు నిజంగా పన్ను పీకితే మాత్రం కిక్కురుమనలేదు.

"నొప్పి పుట్టలేదా?" అని అడిగింది ఎలిశబెతు.

"పుట్టింది. అరవాల్సిందంతా నిన్ననే అరిచేసినా గదా!"

జడ్సన్‌ది అద్దె కారు. వయసు పద్నాలుగేళ్లు. సముద్రపు గాలికి తలుపుల అంచులు తుప్పు పట్టినా పెళ్లిళ్లకూ, ఆస్పత్రులకూ, గూడూరు స్టేషనుకూ అలుపు లేకుండా తిరుగుతుంది. ఈ మధ్య దానికి కొత్త స్టీరియో పెట్టించాడు. ఫోనును దానికి కలిపితే చేతులు స్టీరింగు మీదనుంచి తీయకుండా మాట్లాడవచ్చు. అవతలివాళ్ల గొంతు నాలుగు స్పీకర్లలోనూ ఖంగుమంటుంది. లోటల్లా ఒక్కటే. జడ్సన్ దగ్గరున్నది బొత్తాల ఫోను. నెల్లూరులో సెల్‌ఫోన్ల అంగట్లో పనిచేసే బావమరిది గిద్యోనుకు మంచి స్మార్ట్‌ఫోను ఒకటి చెప్పిపెట్టాడు.

"నువ్వడిగింది రావాలంటే మూడు వారాలు పడతాది బావా" అన్నాడు గిద్యోను.

ఇంకెవరైనా అయితే ఉసూరుమనేవాళ్లు. జడ్సన్ మొహం వెలిగిపోయింది. రిహార్సల్‌కు మూడు వారాలు!

రాబోయే ఫోను పొడవూ వెడల్పూ మందమూ అడిగి కాగితం మీద రాసుకున్నాడు. వడ్రంగి దగ్గర కూర్చుని అంతే కొలతలతో ఒక చెక్క చెక్కించాడు. నున్నగా చిత్రిక పట్టించి నల్లరంగు వేయించాడు.

"ఏందయ్యా ఇది?" అంది ఎలిశబెతు.

"ఫోను."

"చెక్క గదా!"

"అది వచ్చేదాకా ఇదే ఫోను. చెయ్యి అలవాటు పడొద్దా?"

ఇక రోజూ పొద్దున్నే కారెక్కి, చెక్కను డాష్‌బోర్డు మీది హోల్డరులో బిగించి, దాని మీద రెండుసార్లు వేలితో గీకి, సన్నటి ఆడగొంతుతో "కనెక్టెడ్" అని తనే చెప్పేవాడు. ఆ తర్వాత మామూలు గొంతుతో "థ్యాంక్సమ్మా" అనేవాడు.

ఒకరోజు అటుగా వచ్చిన చర్చి పాస్టరు మాథ్యూ అయ్యగారిని ఆపి, "రొవ్వంత ప్రార్థన చెయ్యండయ్యగారూ" అని అడిగాడు. కొత్త బండి కొన్నా, కొత్త ఇల్లు కట్టినా అయ్యగారు వచ్చి ప్రార్థన చేయడం ఆ ఊళ్లో వాడుక. ఆయన కళ్లు మూసుకుని, చెయ్యి పెట్టి, ఈ ఫోను ద్వారా మంచి మాటలే వినబడాలని ఐదు నిమిషాలు ప్రార్థించారు. కళ్లు తెరిస్తే చేతికింద చెక్క.

"ఇది రిహార్సలే అయ్యగారూ. అసలుది వచ్చినాక మళ్లీ పిలుస్తా."

"ప్రార్థనకు రిహార్సల్ ఉండదు జడ్సన్. చేసేసినాను, అయిపోయింది" అన్నారు అయ్యగారు. కానీ కాఫీ తాగి వెళ్లారు.

అంతా బాగానే ఉంది గాని, చెక్క మోగదు. మోగని ఫోనుతో రిహార్సల్ ఏమిటి? సరిగ్గా అప్పుడే జడ్సన్ కన్ను ఫేబీ మీద పడింది.

ఫేబీ వెనకవీధి పిల్ల. పందొమ్మిదేళ్లు. తొమ్మిదో తరగతితో బడి మానేసి రొయ్యల షెడ్డులో తొక్క తీసే పనికి వెళుతోంది. రోజంతా ఐసులో నాని వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. రాత మాత్రం ముత్యాల వరస. వెంకటాచలం దగ్గర హైవే మీద రొయ్యల మేత అమ్మే ఆఫీసులో రైతుల ఫోన్లు ఎత్తి ఆర్డర్లు రాసుకునే మనిషి కావాలంటే, ఎలిశబెతే ఆ పిల్లతో అర్జీ పెట్టించింది. మేనేజరు నరేంద్రబాబు ఫోను చేశాడు. ఫేబీ ఫోను చెవికి ఆనించుకుని మూడు నిమిషాలు నిలబడింది. పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. సిగ్నల్ లేదనుకుని ఆయన పెట్టేశాడు.

ఎలిశబెతు తప్పంతా సిగ్నల్ మీదికే నెట్టి, బతిమాలి, ఇంకో అవకాశం సంపాదించింది. పద్దెనిమిదో తారీకు పదకొండు గంటలకు మళ్లీ చేస్తానన్నాడు. ఈసారి మంచి సిగ్నల్ ఉన్న నంబరు ఇవ్వమంటే జడ్సన్ నంబరు ఇచ్చింది. ఇది కూడా పోతే ఆ పిల్లకు మళ్లీ ఐసే.

"నరేంద్రబాబు నీ కారెక్కిన మనిషే గదా. ఫేబీ గురించి ఒక మాట చెప్పరాదా?" అని మొగుణ్ణి అడిగింది.

"నాకు టైము యాడుంది మే? ఫోను రావాల, కారుకు కలపాల. ఎన్ని పనులు!" అన్నాడు జడ్సన్. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "ఆ పిల్లను మాత్రం రోజూ సాయంత్రం పంపించు. మోగేదానికి ఒక మనిషి కావాల" అన్నాడు.

ఎలిశబెతుకు ఒళ్లు మండిపోయింది. పిల్ల బతుకు ఆ ఒక్క ఫోను మీద వేలాడుతుంటే ఈయనకు చెక్కతో ఆటలు! అయినా షెడ్డు నుంచి వచ్చాక కాసేపు కూర్చున్నట్టు ఉంటుందని పంపించింది. తను వరండాలో చేటతో బియ్యం ముందేసుకుని అటే చూస్తూ ఉంది.

ఫేబీ కారు వెనక సీట్లో ఒదిగి కూర్చుంది.

"నువ్వు ఫోనువి. మోగమ్మే" అన్నాడు జడ్సన్, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా. కారు పెరట్లోనే ఉంది. ఎదురుగా కోళ్ల గూడు.

చప్పుడు లేదు.

"వైబ్రేషన్లో ఉండావా?"

ఫేబీకి నవ్వొచ్చింది గాని మాట రాలేదు. మొదటి మూడు రోజులూ ఫోను సైలెంటే. నాలుగో రోజు దోమ గొంతుతో "ట్రింగ్ ట్రింగ్" అంది. జడ్సన్ వెనక్కి తిరగలేదు. స్టీరియో సౌండు మీటను కొంచెం కుడివైపు తిప్పాడంతే. మళ్లీ "ట్రింగ్ ట్రింగ్" వచ్చింది, ఈసారి కాస్త పైకి. ఇంకొంచెం తిప్పాడు. వారం తిరిగేసరికి ఆ ట్రింగులకు గురవమ్మ తన ఫోను మోగుతోందనుకుని రెండుసార్లు కొంగు తడుముకుంది.

ఆ తర్వాత ఫేబీ నిమ్మకాయల వ్యాపారి అయింది, పెళ్లికొడుకు తండ్రి అయింది, రైలు తప్పిపోయిందని ఏడ్చే ముసలమ్మ అయింది. చిత్రమేమిటంటే కారు దిగితే మళ్లీ మామూలే. ఇంటి ముందు ఎవరు పలకరించినా తలూపుతుంది. వెనక సీట్లో కూర్చుంటేనే గొంతు.

రెండో వారంలో జడ్సన్ పద్ధతి మార్చాడు. "నేను బండి తోలతన్నాననుకో. ఫోను నువ్వెత్తు. చేసేది నేను" అని, కారు దిగి పోయి గేటు దగ్గర నిలబడి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కేకలేశాడు.

"ఏందమ్మే, నా చెరువుకు మేత ఇంకా రాలా! రొయ్యలన్నీ అలిగి కూర్చున్నాయి!"

బియ్యం ఏరుతున్న ఎలిశబెతు చెయ్యి ఆగిపోయింది. "కారుకు ఫోను చేసేవాడు మేత ఎందుకు అడుగుతాడయ్యా?"

"రాంగ్ నంబర్లు రావా? అన్నిటికీ రెడీగా ఉండాల!"

రాంగ్ నంబర్లు అన్నీ రొయ్యల రైతులవే వచ్చాయి. చెరువు గట్టు మీద కాళ్లు బారజాపుకుని ఏడ్చే రైతు, తిట్టే రైతు, బస్తాల లెక్క నిమిషానికొకటి చెప్పే రైతు. ఫేబీ మొదట తడబడింది. తర్వాత కాగితం తెచ్చుకుని రాసుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు, "అరిస్తే బస్తాలు ఎగిరి రావు పెదనాయనా, పేరు చెప్పు" అనేసి, తన మాటకు తనే ఉలిక్కిపడింది.

"ఫోను సంగతి ఏమన్నాడు మా గిద్యోను?" అని ఎలిశబెతు అడిగినప్పుడల్లా జడ్సన్ ఇంటి కప్పువైపు చూసేవాడు. "ఇంకా రాలేదంట."

పద్దెనిమిదో తారీకు పొద్దున ఎక్కడినుంచో పెట్టె పట్టుకుని ప్రత్యక్షమయ్యాడు. ఫోను వచ్చేసింది! సిమ్ము అందులో వేశాడు. మాథ్యూ అయ్యగారు వచ్చారు. ఈసారి కళ్లు మూసుకునే ముందు ఫోనును గోటితో తట్టి మరీ చూసుకున్నారు. ప్రార్థన అయ్యేసరికి పదీ నలభై. ఫేబీ వెనక సీట్లో కాగితమూ పెన్నూ పట్టుకుని కూర్చుంది. ఎలిశబెతు ఆమె పక్కన. అయ్యగారు ముందు.

జడ్సన్ ఫోను మీద వేలు పెట్టాడు. స్టీరియో కీచుమంది. మరుక్షణం నాలుగు స్పీకర్లలోనూ మాథ్యూ అయ్యగారి గొంతే ఉరిమింది. పోయిన ఆదివారం ప్రసంగం.

"అయ్యగారూ, కారు మీ ఫోనును పట్టుకున్నాది!"

"నా ఫోను ఏదో అడిగితే అవునని నొక్కినాను" అన్నారు ఆయన. ఒక్క క్షణం చెవి ఒగ్గి, "బాగా వినపడతన్నాదే. రొవ్వంతసేపు ఉంచు" అన్నారు.

"పది యాభై అయిందయ్యగారూ!" అని ఎలిశబెతు కేక పెట్టింది. పదకొండు లోపల తన మొగుడి ఫోను కారుకు కలవకపోతే పిల్ల గొంతు మళ్లీ ఎక్కడికి పోతుందో ఆమెకు తెలుసు. అయ్యగారు కంగారుగా నొక్కితే ప్రసంగం ఆగడానికి బదులు మొదటినుంచి వచ్చింది. చివరికి ఆయన ఫోనుతో సహా కారు దిగి, చర్చి దాకా నడిచి వెళ్లిపోయారు. అప్పుడు గాని కారు ఆయన్ను వదల్లేదు. పది యాభై ఎనిమిదికి స్టీరియోలోని ఆడగొంతు "కనెక్టెడ్" అంది. జడ్సన్ మనసారా "థ్యాంక్సమ్మా" అన్నాడు.

పదకొండు. ఫోను మోగింది.

"ట్రింగ్ ట్రింగ్" అంది ఫేబీ కూడా, అలవాటు కొద్దీ.

జడ్సన్ నొక్కాడు. నాలుగు వైపులనుంచీ నరేంద్రబాబు గొంతు వచ్చింది. "హలో, ఫేబీయేనా అమ్మా? నేను రైతుననుకో. ఏమ్మా, నిన్న చెప్పిన మేత ఇంకా రాలేదే?"

ఫేబీ పెదాలు కదులుతున్నాయి, గొంతు రాలేదు. ముందు సీట్లో జడ్సన్ వెనక్కి తిరగలేదు. మీటను కొంచెం కుడివైపు తిప్పాడు.

"నమస్కారమన్నా" అంది ఫేబీ. "మీ పేరూ ఊరూ చెప్పండి. చెరువు ఎన్నెకరాలు?"

"కొడవలూరు పక్కన. నాలుగెకరాలు. ఇరవై బస్తాలు చెప్పి..." ఇంకా ఏదేదో చెప్పి, "ముప్పై బస్తాలు ఇంతవరకూ పంపలేదు" అన్నాడాయన.

"మొదట ఇరవై అన్నారన్నా, ఇప్పుడు ముప్పై అంటన్నారు. ఏది రాసుకోమంటారు?"

స్పీకర్లలో నవ్వు. "బాగానే పట్టినావే! మావాళ్లు ఇంతకంటే గట్టిగా అరుస్తారు తల్లీ, తట్టుకుంటావా?"

"అరవమనండి సార్. నాకు అలవాటే."

"అయితే ఒకటో తారీకు తొమ్మిదింటికి వచ్చెయ్."

ఫోను ఆగిపోయింది. ఫేబీ పెన్ను ఇంకా పట్టుకునే ఉంది. "ఆ రైతు పేరు రాసుకోలేదే!" అని, అప్పుడు రెండు చేతుల్తో మొహం కప్పుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎలిశబెతు ఆ పిల్లను గట్టిగా పొదువుకుంది. గేటు దగ్గర గురవమ్మ, "పెళ్లిపిలుపా ఏందమ్మా, వీధంతా వినపడింది!" అంది.

అప్పుడే గిద్యోను బైకు ఆపి లోపలికొచ్చాడు. హోల్డరులో ఉన్న ఫోను చూసి నోరు తెరిచాడు.

"ఏంది బావా, ఇంకా పైన ప్లాస్టిక్కు కూడా తియ్యలా? తొమ్మిదో తారీకే గదా నీ చేతికిచ్చినా!"

జడ్సన్ ఉన్నట్టుండి సీటు కింద ఏదో పోగొట్టుకున్నట్టు వంగి వెతకసాగాడు.

"తొమ్మిదో తారీకా?" అంది ఎలిశబెతు. "తొమ్మిది రోజులు ఫోను పెట్టుకుని చెక్కతో మాట్లాడినావా?"

సీటు కిందనుంచే జవాబు వచ్చింది. "వచ్చిందని తెలిస్తే వీధంతా కారు చుట్టూ మూగదా? వాళ్లందరి ముందర ఆ పిల్ల నోరు తెరుస్తాదా? చెక్కను చూసేదానికి ఎవురూ రారు."

"తొమ్మిది రోజులూ దాని మొహం చూడకుండా ఎట్టా ఆగినావయ్యా!"

"చూస్తానే ఉన్నా. రోజుకు రెండుసార్లు. నీ ట్రంకుపెట్టెలో, పట్టుచీరల అడుగున ఉండాది గదా."

ఎలిశబెతు చెయ్యి నడుము దగ్గరికి వెళ్లింది. ట్రంకుపెట్టె తాళంచెవి అక్కడే ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటుంది. నిద్రలో కూడా.

"తాళం నా దగ్గరుంటే పెట్టె ఎట్టా తీసినావు?"

జడ్సన్ దిగ్గున లేచి, "ఫేబీ, దిగమ్మే, నాకు గూడూరు బాడుగ ఉండాది" అని కారు స్టార్టు చేశాడు. ఇద్దరూ దిగీ దిగకముందే గేటు దాటాడు. ఎలిశబెతు ఊరుకుంటుందా? ఫోను తీసి చేసింది. వీధి మలుపు దగ్గర కారులోంచి ఆమె గొంతే ఆమెకు వినిపించింది. "పెట్టె ఎట్టా తీసినావయ్యా?"

కారు ఆగింది. చెవిలో జడ్సన్ గొంతు మెల్లగా వచ్చింది. "వెనక బందులు ఊడిపోయుండాయి ఎలిశబెతూ. తాళం వేసినా మూత వస్తాది. పెళ్లయిన కొత్తలోనే చూసినా. అది మీ అమ్మ ఇచ్చిన పెట్టె గదా, నీకు చెప్పబుద్ధి కాలా."

కారు గూడూరు వైపు వెళ్లిపోయింది. ఎలిశబెతు తాళంచెవిని చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. తర్వాత ఇరవయ్యేళ్లుగా చేస్తున్నట్టే దాన్ని మళ్లీ నడుముకు భద్రంగా దోపుకుని, ఫేబీకి అన్నం పెట్టడానికి లోపలికి నడిచింది.