పిన్నికి నేనంటించిన తామర

ఇరవై రెండేళ్ళ వయసులో మన తెలివి మీద మనకుండే నమ్మకం ఆ తర్వాత మరెప్పుడూ ఉండదనుకుంటాను. ఆ రోజుల్లో నేను డిగ్రీ పూర్తిచేసి, భీమవరంలో ఒక డాక్టరు గారి దగ్గర రిసెప్షనిస్టుగా చేరాను. బోర్డు మీద ‘చర్మ, సుఖవ్యాధుల నిపుణులు’ అని ఉండేది. మా అమ్మ మొదటి మాట చదివి, రెండోది కంటపడనట్టే ఊరుకుంది. అడిగినవాళ్ళందరికీ ‘స్కిన్ డాక్టరు గారి దగ్గర’ అనే చెప్పేది. (నేనూ అదే చెప్పేదాన్ని. అబద్ధం కాదు కదా, సగం నిజం.)

క్లినిక్ మేడ మీద, మెట్ల పక్కన జిరాక్సు షాపు. మెట్ల దాకా వచ్చి ధైర్యం చాలని మగవాళ్ళు ఆ షాపులోకి దూరి, అవసరం లేకపోయినా ఆధార్ కార్డు కాపీ తీయించుకునేవారు. పైకి చేరేసరికి కొందరి జేబుల్లో మూడేసి కాపీలుండేవి. ఈ మొహమాటాలేవీ తెలియని నేను, మొదటి రోజు బళ్ళో హాజరు పిలిచినట్టు ఇంటిపేరు, ఊరు పేరు కలిపి గట్టిగా పిలిచాను. హాల్లో ఒక్కరూ లేవలేదు. ఆ పేరుగలాయన గోడ మీది క్యాలెండరులో తిథులు చదువుతూ కూర్చున్నారు. డాక్టరు గారు నన్ను లోపలికి పిలిచి, “ఇక్కడ పేర్లు పిలవకూడదమ్మా, నంబర్లు పిలువు. ఇంకో మాట. ఇక్కడ ఎవర్ని చూసినా బయట చూడనట్టే. ఎవరేమడిగినా ఏమీ చెప్పకు” అన్నారు. తలూపాను. ఏమీ చెప్పకుండా ఉండటం అంత కష్టమని అప్పుడు తెలియదు.

చేరిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం మా పక్కింటి పిన్ని మెట్లెక్కి వచ్చింది. అమ్మను ‘అక్కా’ అని పిలిచే మనిషి. బాబాయి రొయ్యల వ్యాపారం పని మీద నెలలో సగం రోజులు ఊళ్ళు తిరుగుతుండేవాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“నువ్వు పని చేసేది ఇక్కడా అమ్మా? స్కిన్ డాక్టరన్నారుగా.”

“ఆయన స్కిన్ డాక్టరే పిన్నీ” అన్నాను. ఆ పరిస్థితిలో అంతకన్నా పనికిమాలిన జవాబు ఇంకొకటి ఉండదు.

లోపల చాలాసేపు ఉంది. తలుపు సరిగా పడక చివరి మాటలు నా చెవిన పడ్డాయి. “ఆయన కూడా మందులు వాడాలమ్మా. లేకపోతే నీకు మళ్ళీ వస్తుంది” అన్నారు డాక్టరు గారు. “ఆయనతో నేనెలా చెప్పేదండీ” అంది పిన్ని. బయటికొచ్చాక నా వైపు చూడకుండానే, “అమ్మకి చెప్పకే” అని వెళ్ళిపోయింది.

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ మా వీధిలో ఎవరో పిన్నిని ఆ మెట్ల మీద చూశారు. ఇంటికెళ్ళేసరికి అమ్మ కాచుకుని ఉంది. “ఏంటే, పిన్ని మీ ఆస్పత్రికొచ్చిందటగా. దేనికి?” అంది. నా తెలివి చురుగ్గా పనిచేసింది. “తామరమ్మా. చేతి మీద. మందిచ్చారు” అన్నాను. ఎంత మంచి అబద్ధం ఆడానో అనుకుంటూ రెండు గరిటెల అన్నం ఎక్కువే తిన్నాను.

శ్రావణమాసం. ఆ శుక్రవారం ఎదురింట్లో పేరంటం. మా వీధిలో ఎవరింట్లో పేరంటమైనా కాళ్ళకి పసుపు రాసేది పిన్నే. గిన్నె పట్టుకుని మొదటావిడ ముందు కూర్చుంది. ఆవిడ కాళ్ళు చీర కిందికి లాక్కుని, “నేను రాసుకుంటాలెండి” అంది. రెండో ఆవిడా అదే మాట. మూడో ఆవిడ, “తామర తగ్గేదాకా నీళ్ళల్లో చేతులు పెట్టకండి పాపం” అంది. పిన్ని తన చేతుల వైపు చూసుకుంది. నున్నగా, మచ్చ లేకుండా ఉన్నాయి. తర్వాత అమ్మ వైపు, అమ్మ వెనకాల ఉన్న నా వైపు చూసింది. గిన్నె కింద పెట్టి, తాంబూలం తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

సోమవారం మళ్ళీ క్లినిక్‌కి వచ్చింది. హాల్లో ఎవరూ లేరు. “నాకు తామరని చెప్పావా?” అంది. ఏడుపొచ్చేసింది. “నిన్ను కాపాడదామనే పిన్నీ.”

“తెలుసులే. తిట్టడానికి రాలేదు. కాని ఏం చెప్పాలో నన్నడగాల్సింది కదే. ఒంట్లో ఒకటి ఉందిగా, ఊళ్ళో ఇంకోటి అంటించావు” అంది. నవ్వుతోందో లేదో తెలియలేదు.

ఆ సాయంత్రం అమ్మతో చెప్పాను. “పిన్నికి తామర లేదు. నేను అబద్ధమాడాను. ఎందుకొచ్చిందో మాత్రం అడక్కు.” అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఎందుకని అడక్కుండా ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. బోర్డు మీద రెండో మాట ఆవిడా చదివిందని అప్పుడర్థమైంది. “ఆవిడ ఒక్కతే వస్తోందా?” అంది చివరికి. నేను జవాబు చెప్పలేదు. ఆ ఉద్యోగంలో నేను సరిగా చేసిన మొదటి పని అదే.

తర్వాతి శుక్రవారం పేరంటం మా ఇంట్లోనే. అమ్మ వెళ్ళి పిన్నిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అందరి ముందూ పీట వేసుకుని కూర్చుని, రెండు కాళ్ళూ ఆవిడ ముందుకు చాపింది. “మా పిల్ల ఎవరి చీటీయో చూసి నీ పేరు చెప్పిందటే. రాయి. పాదం అంతా రాయి” అంది. (నా తెలివితక్కువతనం ఆ రోజుతో వీధంతా తెలిసిపోయింది. అది నాకు తగిన మందే.) పిన్ని వంచిన తల ఎత్తకుండా రాసింది. తక్కిన ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కాళ్ళు ముందుకు జరిపారు.

మరో పది రోజులకి పిన్ని బాబాయిని వెంటబెట్టుకుని క్లినిక్‌కి వచ్చింది. ఎలా ఒప్పించిందో ఇప్పటికీ తెలియదు. ఆయన ముఖానికి రుమాలు కట్టుకున్నాడు, ఆవిడ కట్టుకోలేదు. డాక్టరు గారు చెప్పినట్టు ఎన్నడూ చూడని మనిషిని అడిగినట్టే, “పేరు చెప్పండి” అన్నాను. ఆయన కంగారులో, అలవాటు కొద్దీ, “ఏమ్మా, అమ్మగారు కులాసానా?” అనేశాడు. ముగ్గురికీ ఎటు చూడాలో తెలియలేదు. “కులాసాయేనండి. కూర్చోండి” అన్నాను. నా గొంతు పిల్లి గొంతులా వచ్చింది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నెల రోజుల తర్వాత మొదటిసారి భుజాలు కదిలేలా నవ్వింది. బాబాయి నవ్వలేదు. తల దించుకుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.

రిజిస్టరులో తల దూర్చి, బాబాయి పేరు రెండుసార్లు తప్పు రాసిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని ఒక గ్లాసు మంచినీళ్ళు ఇవ్వాలనిపిస్తుంది.