బోరు నీళ్లు పోసిన బ్యాటరీ

రిటైరవడానికి ముందు ఏడాది, ఎండలు ముదిరిన రోజుల్లో, గొర్రెలకు టీకాలు వేసే క్యాంపు వ్యాను బాధ్యత నాకు అప్పగించారు. అప్పుడు నేను అనంతపురం వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌ని. డాక్టరు, డ్రైవరు రోజుల తరబడి ఆ వ్యానులోనే ఉంటారు. టీకామందు ఉంచే ఫ్రిజ్జు, ఫ్యాను, లైట్లు అన్నీ రెండు లెడ్ యాసిడ్ బ్యాటరీల మీదే నడుస్తాయి.

గోరంట్ల అవతల, ఊరికి దూరంగా మందలు దిగిన చోటు నుంచి డాక్టర్ సుజాత ఫోన్ చేశారు. ఫ్రిజ్జు ఆగిపోతోందన్నారు. నేను జనరేటరు, ఛార్జరు వేసుకుని వెళ్లేసరికి మందును ఐసు పెట్టెలోకి మార్చేశారు. ఆ ఐసు సాయంత్రం దాకా ఉంటే గొప్ప. మందలు మేతకు పోయి ఉన్నాయి. కాపరుల పెద్ద లింగప్ప మాత్రం వ్యాను పక్కనే కూర్చున్నాడు.

"ఈడ మేత లేదప్పా. రేపు పొద్దున టీకా అయితానే తోలుకొని పోతాండాము. టీకా లేకుండా పోతే దావలోనే సగం మంద పోతాది" అన్నాడు.

హైడ్రోమీటరుతో ప్రతి సెల్లులోనూ యాసిడ్ సాంద్రత చూశాను. రెండు బ్యాటరీల్లోనూ సెల్లుకీ సెల్లుకీ తేడాలున్నాయి. ఇలాంటప్పుడు ఈక్వలైజింగ్ ఛార్జి ఇస్తాం. అంటే బ్యాటరీ నిండాక కూడా కాస్త ఎక్కువ వోల్టేజి మీద, తక్కువ కరెంటుతో కొన్ని గంటలు ఉంచడం. వెనకబడిన సెల్లులు మిగతావాటిని అందుకుంటాయి. ఒక్కోదానికి విడిగా చెయ్యాలి. నాకున్నది ఒకే ఛార్జరు, ఐసు కరిగేలోపు ఒక్కదానికే టైముంది. ఏది ముందు పెట్టాలో రీడింగులను బట్టి తేలలేదు.

నీళ్లు ఎప్పుడు, ఏవి పోశారని డ్రైవరు ఖాదర్‌ని అడిగాను.

"డిస్టిల్డ్ వాటర్ కుడిదానికే సరిపోయింది సార్. ఎడమదాంట్లో ప్లేట్లు ఎండిపోతాండాయని బోరు నీళ్లు పోసినా. డాక్టరమ్మకు చెప్పలేదు" అన్నాడు.

మా బోరు నీళ్లలో లవణాలెక్కువ. అవి ప్లేట్లను చెడగొడితే ఏ ఛార్జీ బాగుచేయలేదు. ఎడమదాన్ని విప్పించి, కుడిదాన్ని ఛార్జికి పెట్టాను. బ్యాటరీ నుంచి మండే గ్యాసు వస్తుంది కాబట్టి తలుపులు తీయించి, బీడీ దూరంగా పోయి తాగమని లింగప్పకు చెప్పాను. సాంద్రత పెరగడం ఆగి, సెల్లులన్నీ సమానమయ్యాకే ఆపాను. అప్పటికి ఐసు చాలావరకు కరిగిపోయింది. మందును మళ్లీ ఫ్రిజ్జులో పెట్టి, ఫ్యాను, లైట్లు ఆపేసి అదొక్కటే నడిపాం.

మర్నాడు టీకాలు వేసుకుని మందలు కదిలాయి. బోరు నీళ్ల సంగతి ఆఫీసులో నేనే చెప్పాను. ఖాదర్‌ని హెచ్చరించి వదిలేశారు. అతను దాచి ఉంటే ఆ పగలంతా చెడిన బ్యాటరీ మీదే గడిచిపోయేదేమో. ఆ తర్వాత నేను ఎక్కడికి వెళ్లినా, మీటరు తీయకముందే ఏ నీళ్లు పోశారని అడిగేవాణ్ణి. తప్పు ఎవరిదన్న ప్రశ్న పని పూర్తయ్యాకే.