భూమికి ఎనిమిది మిల్లీల అవతల

కరోనా పోయినంక రెండో ఏడు. అబుదాబిల ఐకాడ్ అనే కార్ఖానాల ఏరియాల, ఇనుము ఇత్తడి సామాన్లు చేసే ఒక ఫ్యాబ్రికేషన్ షాపుల పని చేస్తుంటి. ఇరవై రెండేండ్ల దుబాయ్ బతుకు. నడుం వంగుతలేదు, వంగితె లేస్తలేదు. ఇంటికాడ నా భార్యకు శనివారం గర్భసంచి ఆపరేషన్. "నువ్వొస్తేనే బల్లెక్కుత, లేకుంటె ఎక్క" అని మొండికేసింది. మా మేనేజర్ ముదీర్ సెలవు కాయితం మీద సంతకం పెట్టిండు గని, చేతిలున్న పని గురువారం లోపట ఖలాస్ చేస్తెనే పొమ్మన్నడు.

ఆ పని ఏందంటె, ఏదో ఎగ్జిబిషన్ కోసం ఇత్తడి బొమ్మ. పాతకాలపోళ్లు భూమి కదలదనుకొని, గ్రహాలే దాని సుట్టు తిరుగుతయని లెక్క గట్టిండ్రట, అది. ఒక పలక నడుమ భూమి అని ఒక గుండు. దాని సుట్టు పెద్ద చక్రం, దాని అంచున చిన్న చక్రం, చిన్నదాని మీద కుజుడు అని ఎర్ర పూస. రెండూ కలిపి తిప్పితె పూస ముందుకు పోయి, ఆగి, వెనుకకు నడిచి, మల్ల ముందుకు పోతది. ఆకాశంల కుజుడు గట్లనె కనవడుతడట. అబ్బ, ఏం తెలివి వాళ్లది అనుకున్న.

గని డ్రాయింగుల పెద్ద చక్రం ఇరుసు భూమి కాడ లేదు, ఎనిమిది మిల్లీలు పక్కకున్నది. నాకు ఒళ్లు మండింది. ఇన్నేండ్లు సెంటర్ తప్పకుంట రంధ్రాలు కొట్టిన చెయ్యి ఇది! ఏసీల కూసొని గీసెటోళ్లకు ఏం తెలుస్తదని, ఎవల్నీ అడగకుంట భూమి కిందనే, నట్టనడుమ కొట్టిన.

బుధవారం డ్రాయింగ్ గీసిన మేడం వచ్చి తిప్పి సూసింది. కుజుడు ఎప్పుడు ఏడుండాల్నో పలక మీద చెక్కిన గుర్తులకు పూస ఒక దిక్కు ముందు వడ్డది, ఇంకో దిక్కు వెనుకవడ్డది. ఆమె కోపం చెయ్యలె.

"నట్టనడుమ పెడితె పాతకాలపోళ్లకు గుడ కుదరలె భాయ్," అన్నది హిందీల. "కుజుడు ఒక దిక్కు జల్ది పోతడు, ఇంకో దిక్కు నిమ్మలంగ పోతడు. అందుకే చక్రం నడిమిని భూమి నుంచి జరిపిండ్రు."

పక్కనే ఇంకోటి కొడితె రెండు రంధ్రాలు కలిసిపోతయి. పలకే మార్చాలె, కొత్తది వచ్చేది ఆదివారం. ముదీర్ సెలవు కాయితం వాపస్ తీసుకున్నడు. నా తెలివిల మన్ను వడ! ఫోన్ చేసి, డాక్టర్‌ను అడిగి వారం జరుపుకొమ్మని భార్యను బతిలాడిన. "సరె తియ్యి" అన్నది.

ఆదివారం కొత్త పలకకు డ్రాయింగుల ఉన్నట్టే కొట్టిన. పూస ఒక్క గుర్తు తప్పకుంట నడిచింది. ఎవ్వలూ శబాష్ అనలె, నాకూ సంబురం కాలె.

అన్నం తినే యాళ్లకు నా భార్య ఫోన్. గొంతు నీరసంగ ఉన్నది.

"ఆపరేషన్ నిన్ననే అయిపోయిందయ్యా. మల్ల జరుపుడెందుకని చేపిచ్చుకున్న. మా అక్క తోడున్నది. నువ్వు లేకుంటె ఎట్లనో అని ఇన్నొద్దులు ఊకె భయపడ్డ. ఏం కాలె. నీకు తీరినప్పుడే రా."

"మంచిగయింది" అన్న. నా పానం నిమ్మలపడాలె గదా. గని ఏడుపొచ్చింది.