వంతెన అవతలి సంచి

మా అమ్మ ముప్పై ఒక్కేళ్లు ఉత్తరాలు వేరుచేసింది. మా ఊరి తపాలా ఆఫీసులో వెనక గది, కిటికీ పక్కన నిలువెత్తు చెక్క గూళ్లు, వాటి ముందు ఒక ఎత్తు స్టూలు, అదీ ఆవిడ చోటు. రైల్లో మూడు గంటల దూరంలో ఉన్న నగరానికి వెళ్లేవీ, అక్కణ్ణుంచి వచ్చేవీ ఆవిడ చేతిమీదుగానే పోవాలి. ఏ వీధి ఏ పేటలోదో, ఏ సందులోంచి ఏ సందులోకి దారుందో కంఠతా వచ్చు. నగరంలో మాత్రం ఒక్కసారీ కాలు పెట్టలేదు. సెలవు దొరికితే నాకు జ్వరం, నాకు తగ్గితే నాన్నకి.

ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారు. చూడని ఊరు ఎలా తెలుస్తుందండీ అంటారు. ఆ నవ్వు వింటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. అప్పుడు మాత్రం నేనూ నవ్వినదాన్నే.

పెద్దమ్మకి నగరంలోని పెద్దాసుపత్రిలో గుండె ఆపరేషను కుదిరింది. ఆదివారమే చేర్చుకున్నారు. సోమవారం మా రైలు చేరేసరికి చూడనిచ్చే వేళ దాటిపోతుంది. ఇక మిగిలింది మంగళవారం ఉదయం ఏడు నుంచి ఏడున్నర దాకా, ఆ అరగంటే. ఆ తర్వాత లోపలికి తీసుకెళ్లిపోతారు. పెద్దమ్మకి పిల్లల్లేరు, పెదనాన్న పోయి పదేళ్లు. ఫోనులో అమ్మని ఒకటే అడిగింది.

"నన్ను తోసుకెళ్లేటప్పుడు నీ మొహం కనబడాలే చిట్టీ. ఇంకేం వద్దు."

ఎక్కడ దిగాలో తేల్చడానికి మా ఆయన మధ్యాహ్నం భోంచేసి ఫోను పట్టుకుని కూర్చున్నారు. "వంతెన అవతల కొత్త ఏరియా బావుంది అత్తయ్యా. మంచి ఏరియా. ఆసుపత్రికి ఇరవై నిమిషాలు చూపిస్తోంది" అన్నారు.

"వద్దు బాబూ. ఆసుపత్రి వెనక పాత పేట ఉంది, అక్కడ చూడండి. నడిచి పోవచ్చు."

"ఆ ఇరుకు సందుల్లోనా? మర్యాదస్తులు దిగే చోటు కాదత్తయ్యా అది."

"మర్యాద సంగతి నాకు తెలీదు. 'కుట్టుమిషను వాళ్ల మేడ వెనక, పొట్టి డాక్టరుగారి తమ్ముడికి' అని రాసినా ఆ పేటలో ఉత్తరం చేరుతుంది. మీ కొత్త ఏరియాకి గేటు నంబరుతో సహా రాసినా వెనక్కొస్తుంది."

"మనమేమన్నా ఉత్తరాలమా అత్తయ్యా?" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

అమ్మ నవ్వలేదు. "ఇంకో మాట వినండి. వంతెన అవతలి ఉత్తరాల సంచి పొద్దున మొదటి రైలుబండికి ఒక్కనాడూ అందలేదు. ఎంత పెందలాడే బయల్దేరదీసినా వ్యాను వంతెన మీద ఇరుక్కుపోయేది. రెండో బండికే వచ్చేది ఆ సంచి, ఎప్పుడూ."

"అది మీ కాలం. ఇప్పుడు మ్యాపు ఉంది."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. మ్యాపు చూసింది మధ్యాహ్నం రెండింటికని ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు. అమ్మ నా వైపు చూసింది. "ఆయనకి తెలుసులే అమ్మా" అన్నాను. ఆ 'లే' ఉంది చూశారూ, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుక నేనే కొరుక్కోవాలనిపిస్తుంది. ముప్పై ఒక్కేళ్ల పనిని ఒక్క అక్షరంతో చెత్తబుట్టలో వేశాను.

ఆ హోటల్లో కింద గాజు తొట్టెలో చేపలున్నాయి. బల్ల దగ్గరి మనిషి మమ్మల్ని కూర్చోమని, గుడ్డసంచితో వెనకాల వచ్చిన అమ్మని మాత్రం "ఎవరు కావాలి?" అని అడిగాడు. మంచి ఏరియా అంటే ఇదన్నమాట.

మంగళవారం అయిదింటికే అమ్మ తయారై, చెప్పులు కూడా వేసుకుని మంచం అంచున కూర్చుంది. టిఫిను ఆరింటికి పెడతారు, గది అద్దెలోనే కలిసి ఉంది కదా, తినేసి పోదాం, ఇరవై నిమిషాలేగా అన్నారు మా ఆయన. ఆరుంబావుకి కారెక్కాం. ఆరున్నరకి వంతెన మీదున్నాం. ఏడింటికీ వంతెన మీదే ఉన్నాం. 'నేను చెప్పాను కదా' అని అమ్మ ఒక్క మాటంటే బాగుండేది. ఆవిడ తలుపు తీసుకుని దిగి నడక మొదలుపెట్టింది.

అరవై నాలుగేళ్ల మనిషి, మోకాళ్లు నొప్పులు. నేను వెనకాల పరిగెత్తాను. వంతెన దిగాక ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు. ఎడమకి తిరిగి, ఒక సందులోంచి ఇంకో సందులోకి దూరి, ఒక మేడ మెట్ల కిందనుంచి నన్ను సరిగ్గా ఆసుపత్రి వెనక గేటు దగ్గర తేల్చింది. చూడని ఊరు! ఆ దారిలో మూడు లాడ్జీల బోర్డులు నేనే లెక్కపెట్టాను.

ఏడూ నలభై అయింది. వార్డులో ఆయా ఖాళీ మంచం మీద దుప్పటి మడతపెడుతోంది.

"ఇప్పుడే తీసుకెళ్లారమ్మా. గుమ్మంకేసే చూస్తా ఉంది పాపం."

ఆపరేషను బాగానే జరిగింది. అందుకే ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. అంతా మంచే జరిగింది కదా అన్నారు మా ఆయన. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఆ 'అంతా'లో పెద్దమ్మ గుమ్మంకేసి చూసిన అరగంట లేదు. మా అమ్మ అసలే లేదు.

మూడోనాడు పెద్దమ్మకి మాట వచ్చింది. అమ్మ చెయ్యి పట్టుకుని అడిగింది.

"రాలేదేమే?"

మేమిద్దరం మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాం. అమ్మ మా వైపు చూడనైనా చూడలేదు.

"దారి తెలియలేదక్కా" అంది.

"మొదటిసారి కదండీ, ఎవరికైనా అంతే" అని అందుకున్నారు మా ఆయన.

నేను నోరు విప్పాలి. విప్పలేదు.

"పోనీలే చిట్టీ, ఇంత పెద్ద ఊరు, నీకేం తెలుసు పాపం" అంది పెద్దమ్మ.

అమ్మ అవునన్నట్టు తలూపింది.