మాస్టారి డబ్బాలో పట్టని రామనామాలు

మా పక్కింటి కంప్యూటర్ మాస్టారు మొన్న ఏకాదశినాడు పొద్దున్నే పోయారు. కాఫీ తాగి, పడక్కుర్చీలో వాలి, అలాగే వెళ్ళిపోయారట. బాధపడకుండా వెళ్ళారని విని మనసు కుదుటపడింది.

బందరులో మా వీధిలోనే, ఇంటి ముందుగదిలో కంప్యూటరు పెట్టి ప్రోగ్రాములు రాయడం నేర్పేవారు. చెప్పులు బయట విడవాల్సిందే. "గుళ్ళోకి రారు గానీ, ఇక్కడ మడి బాగానే పాటిస్తారే!" అని మా అత్తగారు దెప్పితే నవ్వేసేవారు.

తొంభైల చివర్లో, శ్రీరామనవమి ముందు, అత్తగారు రాసిన రామకోటి పుస్తకాలు ఆయన దగ్గరకు తీసుకెళ్ళాం. కోటి నిండిందో లేదో తేలాలి. పేజీలూ, పేజీకి ఎన్ని నామాలో చెబితే గుణించే చిన్న ప్రోగ్రాము రాశారాయన. మొదటి పుస్తకం నూట తొంభై రెండు పేజీలు, పేజీకి రెండువందల పదహారు నామాలు. తెర మీద మైనస్ ఇరవై నాలుగు వేల అరవై నాలుగు అని పడింది.

అత్తగారి మొహం పాలిపోయింది.

"దాయాదులింట్లో చావు కబురు ఆలస్యంగా తెలిసింది మాస్టారూ. ఈ పుస్తకం ఆ మైలలోనే రాశాను. రాముడు తీసుకోలేదు."

ఆ భయం ఆవిడ నాకూ చెప్పలేదు.

"రాముడు తీసుకున్నాడు పిన్నిగారూ. తీసుకోలేనిది నా డబ్బా. ముప్పై రెండు వేల చిల్లర దాటితే ఈ రకం అంకె చుట్టు తిరిగి మైనస్ వైపు నుంచి వస్తుంది," అంటూ జవాబు దాచే చోటును పెద్ద రకానికి మార్చారు.

మళ్ళీ అదే మైనస్. అత్తగారు కళ్ళొత్తుకున్నారు.

మాస్టారు నుదురు కొట్టుకున్నారు. "తప్పు నాదండీ! కింద బిందె పెట్టాను గానీ, గుణకారం చెంబులోనే చేయిస్తున్నాను. బిందెలోకి వచ్చేలోపే ఒలికిపోతోంది."

పేజీల అంకెను ముందే పెద్ద రకంలోకి మార్చి, తర్వాత గుణించేలా ప్రోగ్రాము దిద్దారు. నలభై ఒక్క వేల నాలుగువందల డెబ్బై రెండు!

"ఒలికాక గిన్నె మార్చి లాభం లేదు చెల్లెమ్మా," అన్నారు నాతో. తర్వాత కోపం వచ్చినప్పుడల్లా, నోరు జారకముందే ఆ మాట నన్ను కాపాడింది.

అన్నీ కూడితే కోటికి ఇంకా చాలా తక్కువే. "అయితే ఇంకా రాయించుకుంటాడన్నమాట," అని అత్తగారు తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు.

ఆవిడకు మిషను మాట ఒక్కటే చాలదని మాస్టారికి తోచినట్టుంది. కాగితం తీసి, ఆ మొదటి పుస్తకం లెక్క చేత్తో మొదలుపెట్టారు. "ఆరు రెళ్ళు పన్నెండు. రెండు వేస్తున్నాను. ఒకటి మీ చేతిలో ఉంచండి పిన్నిగారూ."

అత్తగారు ఒక వేలు ముడిచి, గుండెకు ఆనించి పట్టుకున్నారు.