మామగారి కారు కళ్ళకు నేను చేసిన వైద్యం

ముందే చెప్తున్నాను, ఈ కథలో ఒక కారుకు పట్టపగలు కళ్ళు పోతాయి. పోగొట్టింది నేనే, ఎవరి మీదికీ నెట్టను. మా అత్తమ్మ మీదికి మాత్రం కొంచెం నెడతాను. ఆవిడ ఉన్నప్పుడు కూడా అలాగే నెట్టేదాన్ని, ఏమీ అనుకునేది కాదు.

డెబ్బైల నాటి మాట. నేను తాండూరు పిల్లను, వికారాబాదు కోడలిని. తాండూరులో మా నాయనకు రాళ్ళు పాలిష్ చేసే చిన్న కార్ఖానా ఉండేది. గని నుంచి గరుకుగా, మట్టి కొట్టుకుని వచ్చిన బండ మా కార్ఖానాలోంచి బయటికి పోయేటప్పుడు ముఖం చూసుకునేంత నున్నగా పోయేది. పుట్టినప్పటి నుంచి అదే చూసినదాన్ని కదా, లోకంలో మెరవని వస్తువంటూ లేదని, రుద్దేవాళ్ళు లేక అవి అలా పడి ఉన్నాయని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో పాటు ఒక పాలిష్ రాయి ముక్కను కూడా అత్తగారింటికి పట్టుకొచ్చాను. మడమలు రుద్దుకోవడానికి లెండి.

మా మామగారు రైల్వేలో గార్డు చేసి రిటైరయ్యారు. సర్వీసంతా రైలు చివరి డబ్బాలో కూర్చుని, అందరూ చూసేసిన ఊళ్ళను ఆఖరున చూసీ చూసీ విసిగిపోయారట. రిటైరైన రోజునే "ఇగ జన్మల రైలెక్క" అని ఒట్టు పెట్టుకుని, ఒక పాత అంబాసిడర్ కారు కొన్నారు. అన్నిటికంటే ముందు కూర్చుని దారి చూడటమే ఆయనకు పెద్ద సుఖం. రైలెక్కరన్న మాటే గానీ, రోజూ మధ్యాహ్నం అన్నం తిని స్టేషనుకు నడిచివెళ్ళి, ప్యాసింజర్ ఎంత లేటుగా వచ్చిందో చూసి, దాన్ని కడుపారా తిట్టి గానీ ఇంటికి వచ్చేవారు కాదు.

ఇంకో సంగతి. ఆయన నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. కోపం కాదు, ఆ ఇంటి పద్ధతి అది. మామ కోడలితో మాట్లాడాలంటే మధ్యలో అత్త ఉండాలి. నేను చెంబు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నా సరే, గోడ వైపు చూసి "కోడల్ని నీళ్ళు తెమ్మను" అనేవారు.

"నీళ్ళు తెమ్మంటుండే" అనేది అత్తమ్మ.

"తెచ్చిన్నని చెప్పు అత్తమ్మా" అనేదాన్ని.

"తెచ్చిందట."

అప్పుడు తాగేవారు. ఎండాకాలంలో ఈ వరస పూర్తయ్యేలోగా సగం దాహం దానంతట అదే తీరిపోయేది.

పెళ్ళయిన రెండో ఏడు, శ్రావణంలో, నాయన స్వయంగా వచ్చి మా చెల్లె నిశ్చితార్థానికి పిలిచి వెళ్ళాడు. "అక్క రాకుంటే నేను పీట మీద కూసోను" అని చెల్లె కబురు పంపింది. అది అన్నంత పనీ చేసే రకం. నాకు ఆ క్షణం నుంచి కూర తరుగుతున్నా తాండూరే, బట్టలు ఉతుకుతున్నా తాండూరే.

మామగారు మాత్రం కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, గోడకు తీర్పు చెప్పారు. "ముహూర్తం సాయంత్రముంది. మర్ల వచ్చేటాల్లకు చీకటైతది. కారు లైట్లు మసకలేసినయి. లైటు కనబడని బండి నేను కదల్చ. చెప్పు కోడలికి."

అబద్ధం కాదు. ఎన్నేళ్ళ మురికో, ఎన్ని వానల మరకలో గానీ, ఆ హెడ్‌లైట్ల అద్దాలు చూపు ఆనని ముసలివాళ్ళ కళ్ళలాగే ఉండేవి.

"గా రాత్రికి ఆడనే ఉందం" అన్నది అత్తమ్మ, నా మొహం చూడలేక.

"వియ్యంకుల ఇంట్ల పండుడా? మన ఇంటా వంటా ఉన్నదా?"

మా ఆయన ధైర్యం చేశాడు. "పోనీ బాపూ, రైల్ల..."

"ఏమన్నవ్ రా?"

"ఏం లేదు బాపూ. రైలు కూసినట్టు వినబడితే..."

మా ఆయన ధైర్యం అంతవరకే. ఇప్పటికీ అంతే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా పుట్టింటికీ నాకూ మధ్య అడ్డుగా ఉన్నవి రెండు మసక అద్దాలు. మురికి బండను అద్దంలా మెరిపించే వంశంలో పుట్టిన నేను, అద్దాన్ని అద్దంలా మెరిపించలేనా? ఎంత ఆలోచించినా ఆ తర్కంలో నాకు లోపం కనబడలేదు. మీకు కనబడి ఉంటుంది. మీరు ఆ వేళకు ఎక్కడున్నారో గానీ, వచ్చి చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం మామగారు ప్యాసింజర్‌ను తిట్టడానికి వెళ్ళగానే, బకెట్టు నీళ్ళు, పాలిష్ రాయి పట్టుకుని కారు ముందు కూలబడ్డాను. నీళ్ళు చల్లడం, రాయితో గుండ్రంగా రుద్దడం. మా కార్ఖానాలో అచ్చం అలాగే చేస్తారు. అద్దం మీద తెల్లటి పాలలాంటి నీళ్ళు కారాయి. "చూశావా, మురికి ఎట్లా వదులుతుందో" అని నన్ను నేనే మెచ్చుకున్నాను. వదులుతున్నది మురికి కాదని, అద్దమేనని నాకేం తెలుసు! రెండో లైటు కూడా అదే ఉత్సాహంతో ముగించి, కొంగుతో తుడిచి చూశాను.

అంతకుముందు మసకగానైనా ఏదో కనబడేది. ఇప్పుడు ఆ రెండు అద్దాలూ స్నానాల గది కిటికీకి పెడతారే, బయటివాళ్ళకు లోపల కనబడకుండా, అలా తయారయ్యాయి. ఎంత తుడిచినా తెల్లగానే ఉన్నాయి.

"ఓ అత్తమ్మా!" అని నేను పెట్టిన కేకకు, తలకు నూనె రాసుకుంటున్న అత్తమ్మ జుట్టు విరబోసుకునే పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందే? పామా?"

"పామైతే బాగుండు అత్తమ్మా. లైట్లు!"

అత్తమ్మ వంగి చూసింది. "గిదేందే, బూడిద పూసినట్టున్నది? ఏం జేసినవే పిల్లా?"

"పాలిష్."

"గిది పాలిషా! నీ మామ చూస్తే మనిద్దర్ని పట్టాల మీద పండవెడ్తడు గదనే!" అంటూ, నా మాట నమ్మలేక, అద్దాన్ని చేత్తో ఒక్క రాపు రాపింది. రాపి చేయి తీసిందో లేదో ఇద్దరం నోరు తెరిచాం. ఆవిడ వేళ్ళు తగిలినంత మేర అద్దం తేటగా, నీళ్ళలా, లోపలి బల్బు కనబడేలా అయిపోయింది!

చేతి కొబ్బరినూనె మహిమ అది.

"అత్తమ్మా, మీ చేతిల ఏదో ఉన్నది!"

"నూనె ఉన్నది, ఇంకేముంటది. ఉర్కు, సీస పట్కరా."

అర సీసా పట్టించాం. అత్తమ్మ కుడి కన్నుకు, నేను ఎడమ కన్నుకు. పని పూర్తయ్యేసరికి కారు కొత్త పెళ్ళికొడుకులా మెరిసింది. మామగారు ప్యాసింజర్ మీద కోపంతో వస్తూ వాకిట్లో ఆగిపోయారు. అటు నుంచి చూశారు, ఇటు నుంచి చూశారు. చేయి పెట్టబోతే అత్తమ్మ అడ్డంపడి "తడున్నది, ముట్టకు" అన్నది.

"ఎవలు జేసిన్రు?"

"కోడలు."

మామగారు గోడ వైపు తిరిగారు. "మస్తు చేసిందని చెప్పు. తాండూరు పోతున్నమని చెప్పు."

అత్తమ్మ నాకు చెప్పేలోగానే నేను లోపలికి పరిగెత్తి పట్టుచీర బయటికి తీశాను.

నిశ్చితార్థం బ్రహ్మాండంగా జరిగింది. చెల్లె నన్ను పట్టుకుని ఏడ్చింది, నేను దాన్ని పట్టుకుని ఏడ్చాను, ఎందుకేడుస్తున్నామో తెలియక ఇద్దరం నవ్వాం. ఆ సంబరంలో నేను ఒక చిన్న విషయం మరిచిపోయాను. మా కారు పొద్దంతా నాయన కార్ఖానా ముందు ఆగి ఉంది. కార్ఖానా ముందంటే, రాళ్ళ లారీలు పోయినప్పుడల్లా తెల్లటి రాతిపొడి లేచే చోటు. నూనె రాసిన ఆ రెండు కళ్ళు ఆ పొడినంతా పిలిచి పిలిచి అంటించుకున్నాయి.

తిరుగు ప్రయాణం పొద్దు గూకేవేళ మొదలైంది. ఊరు దాటి కొంతదూరం పోయాక మామగారు లైట్లు వేశారు. ఆ వెలుగు బానెట్ దాటి ముందుకు పోలేదు. ఇంతలో ఎక్కడి నుంచి వచ్చాయో ఉసిళ్ళు! వాన వెలిసిన శ్రావణపు సందె కదా, గుంపులుగా వచ్చి ఆ నూనెలో పడి, ఆ పిండిలో పొర్లి అక్కడే ఉండిపోయాయి. దీపం వేడికి నూనె ఉడకడం మొదలైంది. నిజం చెప్పొద్దూ, కారులో బజ్జీల వాసన వచ్చింది.

మామగారు కారు ఆపి దిగారు. దీపం మీద వేలు పెట్టారు. వేలికి వచ్చిన ముద్దను వాసన చూశారు.

"కొబ్బరినూనె!"

మా ఆయన నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు.

"అడుగు కోడల్ని. లైట్లకు నూనె ఎందుకు వెట్టిందో అడుగు."

"ఎందుకు వెట్టినవని అడుగుతుండే" అన్నది అత్తమ్మ, కుడి కన్నుకు తన చేతులతో నూనె పూసిన మనిషి!

"మెరుస్తదని వెట్టిన్నని చెప్పు అత్తమ్మా."

"మెరుస్తదని వెట్టిందట."

"అంతకుముందు మెరవకపోయెనా అని అడుగు."

"అంతకుముందు రాయితోని రుద్దిన్నని చెప్పు అత్తమ్మా."

అత్తమ్మకు ఆ ముక్క చేరవేసే అవకాశం రాలేదు. మామగారు గిర్రున నా వైపు తిరిగారు.

"రాయితోని రుద్దినవా?! అద్దాన్ని?!"

పెళ్ళయిన ఇన్నాళ్ళకు మామగారు నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. పక్కన చెట్టు మీది పిట్టలు కూడా లేచిపోయాయి. నాకు భయంతో పాటు, సిగ్గు లేకుండా చెప్తున్నాను, కొంచెం సంతోషం కూడా వేసింది.

"అవును మామా" అన్నాను, మొదటిసారి నేరుగానే.

ఏం తిట్టేవారో గానీ, అప్పుడే ఎదురుగా గడ్డి వేసుకుని తాండూరు వైపు పోతున్న ఎడ్లబండి ఒకటి వచ్చింది. కింద లాంతరు వేలాడుతోంది. బండి తోలే పెద్దాయన ఖాజా మియా. నాయనకు తెలిసినవాడే. ఆగి, మా కారు ముఖం చూసి, "యా అల్లా, గిదేంది సాబ్, మోటరుకు మశూచి వచ్చిందా?" అన్నాడు. విషయం విని, "ఫికర్ చెయ్యకున్రి. తాండూరు దిక్కు తిప్పున్రి. నా లాంతరు చూసుకుంట మెల్లగ రాన్రి" అన్నాడు.

అలా మా అంబాసిడర్, ఒక లాంతరును నమ్ముకుని, ఎడ్ల అడుగులో అడుగు వేస్తూ వెనక్కి బయల్దేరింది. కాసేపటికి మామగారి భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమోనని హడలిపోయాను.

"సర్వీసంత రైలెనుక కూసున్న" అన్నారు, నవ్వు ఆపుకోలేక. "గది వద్దని కారు కొన్న. ఇప్పుడు చూడు బిడ్డా, ఎడ్లబండెనుక కూసోవెట్టినవ్!"

ఆ బిడ్డా అన్న మాట విని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. మా ఆయన కూడా అప్పుడు నిద్ర లేచాడు.

నాయన సంగతంతా విని నెత్తి కొట్టుకున్నాడు. "గది గీకే రాయి బిడ్డా! గీకినంక మెరుగు వెట్టేది వేరే ఉంటది. గదన్న బండకే, అద్దానికి గాదు!" కొత్త అద్దాలు తాండూరులో దొరకలేదు, హైదరాబాదు నుంచి రావాలన్నారు. పగలైనా సరే కళ్ళు లేని బండిని కదల్చనన్నారు మామగారు, బండిని వదిలి గార్డు పోడనీ అన్నారు. రైలెక్కరు సరే, బస్సూ ఎక్కనన్నారు. వియ్యంకుల ఇంట్లో ఒక్క రాత్రి పడుకోనన్న మనిషి, వారం రోజుల పాటు మా అమ్మ చేతి జొన్నరొట్టెలు తిని, రోజూ మధ్యాహ్నం తాండూరు స్టేషనుకు వెళ్ళి అక్కడి ప్యాసింజర్‌ను కూడా తిట్టి వచ్చారు. ఒక్క సాయంత్రం దొరికితే చాలనుకున్న నాకు వారం దొరికింది.

అద్దాలు బిగించి బయల్దేరేటప్పుడు ఆయన నన్ను కారు దగ్గరికి పిలిచారు. మధ్యలో అత్తమ్మ లేదు. "అమ్మగారింటికి పోవాల్నని ఉంటే నోటితోని నన్నడుగు బిడ్డా. పంపిస్త. నా కారు కండ్లు పొడవకు."

ఆ తర్వాత ఎప్పుడడిగినా పంపారు. కాదనలేదు.

చాలా ఏళ్ళకు, ఎనభైల్లో, ఆయన కళ్ళకే శుక్లాలు వచ్చాయి. చూపు మసకేసింది, ఆపరేషన్ చెయ్యాలన్నారు డాక్టరు. ఆసుపత్రికి బయల్దేరే ముందు గడపలో ఆగి, గోడ వైపు తిరిగి, పాత పద్ధతిలో అత్తమ్మతో అన్నారు:

"ఇగో, డాక్టరు కత్తి వట్టేదాక గా రాయిని జర దాచిపెట్టమని చెప్పు కోడలికి. కొబ్బరినూనె గూడ!"

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, ఇంట్లో మిగిలి ఉన్న ఆ కొబ్బరినూనె సీసా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మసకబారినది ఈ లోకంలో ఏది కనబడినా, దాన్ని దాని ఖర్మకు వదిలేస్తాను. ఆ రాయి నా మడమలు దాటి పైకి రాదు.